నాయన పంచిన కళ్లద్దాలు

మీరు పూణే రైలెక్కి వెళ్లిన మర్నాడు దుప్పట్లు దులుపుతుంటే మేఘన దిండు కింద కళ్లద్దాల పెట్టె దొరికింది. ఫోన్ చేసి అడిగితే "మర్చిపోయా అవ్వా" అంది మేఘన. వెనకనుంచి నిఖిల్ కిసుక్కున నవ్వడం నాకు వినపడింది. తల్లీ, మరిచిపోయిన వస్తువు రెండు చేతిరుమాళ్లలో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉండదు. అద్దాలు పెట్టుకుంటే గుడ్లగూబలా ఉన్నానని నువ్వు ఏడ్చిన సంగతి మీ అమ్మ చెప్పింది. పెట్టె రేపు కొరియర్లో వేయిస్తాను. వేసేముందు ఊరికే ఒకసారి పెట్టుకుని చూశాను. పోయిన నెల హిందూపురంలో నా కంటి శుక్లాలు తీసి లోపలే అద్దం పెట్టారు కదా, ఆ అద్దం మీద నీ అద్దం కూడా చేరేసరికి మన టీవీ అగ్గిపెట్టంత అయిపోయింది, గేటు దగ్గర పూలమ్మి గండుచీమంత అయిపోయింది. నవ్వొచ్చింది. అంతలోనే మా అవ్వ జ్ఞాపకమొచ్చింది. ఆమె సంగతి చెప్పాలంటే ధర్మవరంలో మా ఇంటిదాకా వెళ్లాలి. కాస్త ఓపికగా వినండి, ఇద్దరూ.

మాది నేత ఇల్లు. ముందుగదంతా మగ్గమే. మగ్గానికి పోగా మిగిలిన చోట్లో మనుషులం సర్దుకునేవాళ్లం. పొద్దున లేవడంతోనే పట్టును సబ్బునీళ్లలో ఉడికించే వాసన వచ్చేది, తడిసిన మేక వాసనలాంటిది. ఆ వెనకే అమ్మ ఎర్రగడ్డ వేయించే వాసన. ఈ రెండూ కలిస్తేనే మాకు తెల్లారినట్టు. మా నాయన తల్లి, అంటే మా అవ్వ, పొద్దంతా వీధరుగు మీదే. ఆమె కళ్లకు దూరం ఎంతైనా లెక్కలేదు. వీధి చివర మనిషి మలుపు తిరగ్గానే నడక చూసి ఎవరో, ఎందుకు వస్తున్నారో, వస్తూ ఎవరింట్లో పోట్లాడి వచ్చారో కూడా చెప్పేది. చేతిలో ఉన్నది మాత్రం కనపడదు. బియ్యంలో రాళ్లు ఏరమంటే బియ్యం పారేసి రాళ్లు చేటలో ఉంచేది. నాది సరిగ్గా తిరగబడ్డ కథ. ముక్కు ముందు ఉన్నది ఏదైనా సరే, చీమ మీసంతో సహా కనపడుతుంది. బారెడు దాటితే లోకమంతా పాలలో నానబెట్టిన రొట్టె.

అయినా నాకు దూరపు చూపు లేదని చాలాకాలం ఎవరికీ తెలియలేదు, నాకు కూడా. అందరికీ లోకం అట్లాగే ఉంటుందనుకున్నాను. నేనూ అవ్వా ఎప్పుడూ ఒక జట్టు కావడం ఇంకో కారణం. ఆమె సూదిలో దారం నేను ఎక్కిస్తే, నాకు ఎదురొచ్చే మనుషుల్ని ఆమె చెప్పేది. పైగా మా ఇంట్లో నా కళ్లంటే గొప్ప పేరు. చీర అయిపోయాక మగ్గం మీద మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. వెంట్రుక కంటే సన్నని పోగులు. ఒకటి తప్పితే చీరంతా తప్పు. ఆ పనికి పెద్దవాళ్లు కూడా కళ్లు నులుముకునేవాళ్లు. నేను మగ్గం మీద వంగి, ముక్కు ఆనించి, పాటలు పాడుకుంటూ అతికేదాన్ని. "దాని కండ్లు పోగుల కోసమే పుట్టినాయి" అనేవాడు నాయన. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త ఉండదు.

చిక్కంతా బడిలో వచ్చింది. చిన్న తరగతుల్లో అయ్యవారు నోటితో చెప్పేవారు, నేను పట్టేసేదాన్ని. ఆరో తరగతి సారు మాత్రం నోరు మెదపకుండా బోర్డు మీద రాస్తూ పోయేవాడు. అందరూ ఏదో చూసి 'అబ్బా' అనేవాళ్లు, ఏదో చూసి నవ్వేవాళ్లు. ఆ నల్లటి పలక మీద ఏముందోనని నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు సారు నాయన్ను పిలిపించాడు. "బిడ్డ తెలివైందే. బోర్డు చూడకుండా లెక్కలు యెట్ల నేర్చుకుంటాదప్పా? దసరా సెలవుల్లోపల ఏదో ఒకటి చెయ్యి. లేకుంటే ఇంటికాడ పెట్టుకో." నాయన ఇంటికొచ్చి, ఇంటికాడ పెట్టుకోవడమే సులువన్నాడు. నాకేమో ఆ బోర్డు మీద ఏముందో చూడకుండా చచ్చిపోతే దయ్యమై బడి చుట్టూ తిరుగుతాననిపించింది.

సరిగ్గా అప్పుడే పట్టుచిలప గొడవ జరిగింది. మా నాయన చెల్లెలు సుబ్బత్త పక్కింట్లోనే ఉండేది. తోడుకు ఇంత మజ్జిగ తెమ్మని అమ్మ నన్ను పంపింది. వాళ్ల వాకిట్లో సుబ్బత్త ఆకుపచ్చ చీర కట్టుకుని నిలబడి ఉంది.

"అత్తా, అమ్మ తోడుకు మజ్జిగ ఇమ్మనింది" అన్నాను. పలకలేదు.

"ఏమత్తా, మామింద కోపమా?" అన్నాను. అడ్డంగా తల ఊపింది.

"మళ్ల యాల మాట్లాడవు? పోనీలే, నువ్వు మాట్లాడకుంటే నేనూ మాట్లాడను" అని విసురుగా తిరిగొచ్చేశాను.

నేను మాట్లాడింది రంగు వేసి వెదురుబొంగు మీద ఆరేసిన పట్టుచిలపతో, అంటే పట్టుపోగుల కట్టతో. తల ఊపింది గాలికి. అసలు సుబ్బత్త గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా చూసింది. గుండెలు బాదుకుంటూ మా ఇంట్లోకి వచ్చిపడింది. "వదినా, ఓ వదినా! నీ బిడ్డ పట్టుచిలపతో జగడం పెట్టుకున్యాది! గాలి సోకింది దీనికి!"

నాయన మగ్గంలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు. "పెనుకొండలో తాయెత్తు కట్టే ఆయప్ప ఉండాడంట గదా. బిడ్డను పిల్చుకపోమ్మా."

అట్లా నేనూ అవ్వా రైలెక్కాం. పెనుకొండలో దిగి నాలుగడుగులు వేశామో లేదో నేను ఆమె కొంగు పట్టి లాగాను.

"అవ్వా, బిన్నా పోదాం పా. మోడం బాగా పట్టింది. వాన దిగుతాది."

అవ్వ ఆకాశం చూసింది. ఎండ మండిపోతోంది. "మోడమా? యాడమ్మే?"

"అదో, ఊరిమీదికి నల్లగా కమ్ముకోని ఉండాది చూడు."

మా వైపు వాన మాట వింటే ఎవరూ ఊరుకోరు. పక్కన సంచి మోసుకుపోతున్న రైతొకడు టక్కున ఆగి, "యా పక్కమ్మా, యా పక్క?" అని చేతులడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికాడు. అవ్వ నా వేలు చూపించిన వైపే చాలాసేపు చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"మే లచ్చీ, అది పెనుకొండ కొండ. రాజుల కాలం నుంచి ఆడనే ఉండాది. యానాడూ కురవలేదు."

రైతు నన్నొక చూపు చూసి సంచి ఎత్తుకున్నాడు. అవ్వ అక్కడే నిలబెట్టి నన్ను పరీక్ష చేసింది. చెయ్యెత్తి వేళ్లు చూపిస్తూ ఒక్కో అడుగే వెనక్కి పోయింది. కొన్ని అడుగులదాకా వేళ్లు చెప్పాను. తర్వాత చెయ్యి ఉందని మాత్రం చెప్పాను. ఆ తర్వాత, "అవ్వా, నువ్వు యాడుండావు?" అని ఏడుపు మొదలుపెట్టాను. ఆమె పరుగున వచ్చి నన్ను కరుచుకుంది. "గాలీ లేదు, ధూళీ లేదు. ఇది కండ్ల కత" అని, తాయెత్తాయన ఇంటివైపు కూడా చూడకుండా హిందూపురం పోయే బండి ఎక్కించింది.

హిందూపురంలో కళ్లు చూసే డాక్టరు కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. గోడమీద అట్ట చూపించి "ఏనమ్మా, ఏం కనపడతాది?" అన్నాడు. "గోడ" అన్నాను. "గోడ మీద?" "గోడ మీద ఏమన్నా ఉండాదా సార్?" అన్నాను. ఒక్కో అద్దం మార్చి మార్చి చూపించాక అట్టమీద అక్షరాలు ఈగల్లా వచ్చి వాలాయి. ఎగిరి గంతేశాను. పనిలో పనిగా అవ్వ కళ్లూ చూశాడు. ఆమెకు చదువు లేదు కాబట్టి దువ్వెనలాంటి గుర్తులున్న అట్ట చూపించి, పళ్లు ఏ వైపున్నాయో చెప్పమన్నాడు. దూరంగా ఉన్నప్పుడు అన్నీ గడగడా చెప్పింది. చేతికిస్తే మాత్రం, "దువ్వెన యాడ నాయనా, ఇది పేనుమాదిరి ఉండాది" అంది.

కంటి వెనక ఒక తెర ఉంటుందని, చూసిన దాని బొమ్మ ఆ తెరమీద పడితేనే తేటగా కనపడుతుందని డాక్టరు చెప్పాడు. నాకు దూరపు బొమ్మ తెరకు ముందే పడిపోతుందట. అవ్వకు దగ్గరి బొమ్మ తెర దాటి వెనక పడుతుందట. నాకు అంచులు లావుగా నడుమ పలచగా ఉన్న అద్దం, ఆమెకు నడుమ ఉబ్బుగా ఉన్న అద్దం రాశాడు. అవ్వ రైల్లో ఎదురుగా కూర్చున్న వాళ్లందరికీ దీన్ని తనకు తోచినట్టు వివరించింది. "బొమ్మ ఇంట్లో పడాలంటమ్మా. దీనికేమో వాకిట్లోనే పడిపోతాది. నాకు ఇల్లు దాటి పెరట్లో పడతాది. ఇద్దరిండ్లల్లో ఎవురికీ దక్కలే."

ఇంటికొచ్చాక నాయన, "తాయెత్తు యాడ?" అన్నాడు.

"ఇది చేతికి కట్టేది కాదంటరా, ముక్కుమింద పెట్టేదంట. వారం తర్వాత ఇస్తారు. నువ్వే పోయి తేవల్ల" అంది అవ్వ.

నాయన ఇంతెత్తున లేచాడు. అద్దాలు పెడితే పోగు చూసే కళ్లు చెడిపోతాయన్నాడు. అద్దాల ఆడపిల్లను ఎవరు చేసుకుంటారని సుబ్బత్త అందుకుంది. అవ్వ ఎవరితోనూ వాదించలేదు. నాయన అన్నానికి కూర్చున్నప్పుడల్లా ఎదురుగా కూర్చుని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పులు వినలేక, రేష్మె, అంటే పట్టునూలు, కొనడానికి హిందూపురం పోయినప్పుడు నాయన స్టేషను పక్క షాపునుంచి అద్దాలు తెచ్చాడు. రెండూ ఒకే రకం నల్ల ఫ్రేములు, ఒకే రకం రేకు పెట్టెలు.

ఇక్కడే మా ఇంటి అసలు బుద్ధి బయటపడింది. అద్దాలను పెట్టెల్లోంచి తీసి, నాయన మొదటి జతను మగ్గం మీద పడుగుకు ఎదురుగా పట్టి చూశాడు. ముఖం వెలిగిపోయింది. "అబ్బబ్బ! పోగు మోకంత లావు కనపడతాండాది!" రెండోది పట్టి చూశాడు. ముఖం ముడుచుకుంది. "థూ, ఇదేంది, ఉండే పోగును గూడా ఈగకాలు చేస్తాండాది."

"యాది ఎవురిదో షాపాయప్ప చెప్పలేదేమిరా?" అంది అవ్వ.

"చెప్పినాడు. బండి కూత పెడతాంటే ఏం వినేది? అయినా దీంట్లో చెప్పేదేముండాది? పోగులు అతికే బిడ్డకు పోగు పెద్దగా కనపడే అద్దం. అరుగుమింద కూచునేదానివి, నీకు పోగుతో పనేంది? నీకీ చిన్నది."

మా ఇంట్లో దేన్నయినా పోగుతోనే కొలిచేవాళ్లం. ఉప్పు తక్కువైతే కూర 'పలచటి పోగు', మొగుడూ పెళ్లాలు కొట్లాడితే 'చిక్కు పడింది'. అందుకే నాయన మాటలో తప్పుందని ఎవరికీ తోచలేదు. అవ్వ అద్దాలు నా ముక్కు మీదికి, నా అద్దాలు అవ్వ ముక్కు మీదికి ఎక్కాయి. నాకు అంతకుముందు మనుషులు మసగ్గానైనా కనపడేవాళ్లు. ఇప్పుడు గోడా మనిషీ కలిసిపోయారు. "బాగుండాదామ్మే?" అంది అవ్వ. అంత కష్టపడి తెప్పించింది కదా, "శానా బాగుండాది అవ్వా. నీకు?" అన్నాను. "నాకు గూడా చల్లగా ఉండాది" అంది గోడవైపు తిరిగి. నేను గోడవైపు లేను. కొత్త చెప్పులు కరిచినట్టే కొత్త అద్దాలూ కరుస్తాయని, నాలుగు రోజులకు అవే సర్దుకుంటాయని ఆమె నాకు ధైర్యం చెప్పింది.

అవి సర్దుకోలేదు, మేమే చెదిరిపోయాం. అరుగు మీద అవ్వ ఏలుబడి కూలిపోయింది. గిన్నెలకు మాట్లు వేస్తానని వచ్చినాయన్ను చూసి, సుబ్బత్త మామగారనుకుని లోపలికి పిలిచింది. చాప వేసి, మజ్జిగ ఇచ్చి, "ఏమన్నా, వానలెట్లుండాయి, మీ ఆయమ్మకు మోకాలినొప్పి తగ్గిందా?" అని అడిగింది. ఆయన మజ్జిగ తాగి, తగ్గిందని మర్యాదగా చెప్పి వెళ్లాడు. మర్నాడు అసలు వియ్యంకుడు సంచి భుజాన వేసుకుని వస్తే, "చెయ్యి కాళీ లేదు, ముందిల్లు చూసుకో నాయనా" అంది. సుబ్బత్త ఆ ముక్క పదేళ్లు చెప్పుకుంది. నేనేమో మగ్గం మీద పోగులు వేళ్లంత లావు కనపడుతుంటే ఏది దేనిదో తెలియక పక్కపోగును దీనికీ, దీన్ని పక్కదానికీ అతికాను. నాయన నేత మొదలుపెట్టగానే పడుగంతా మెలికలు పడింది. ఆయన పోగుల్ని చూశాడు, నన్ను చూశాడు, కత్తెర తీసుకుని నా అతుకులన్నీ కోయడం మొదలుపెట్టాడు.

బడిలో సారు ఎంతో ఆశగా, "ఇప్పుడు చదువు తల్లీ" అన్నాడు.

"సార్, బోర్డు యాడుండాది?" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. సారు నవ్వలేదు. పాపం, నాయన్ను పిలిచి, "అద్దాలకు గూడా లొంగని కండ్లప్పా ఇవి" అన్నాడు. నాయన తల ఊపాడు. "చదువూ లే, పోగూ లే. సోమవారం నుంచి బడొద్దు, అద్దాలొద్దు." అంతే. నేను మగ్గం గుంట పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. బోర్డు మీద ఏముందో ఇక ఈ జన్మకు తెలియదు.

ఆదివారం అవ్వ నాకు తలంటింది. ఆమె చేత్తో కుంకుడుకాయ పులుసు కళ్లలో పడటం మామూలే. అద్దాలకు జిడ్డు పట్టిందని రెండు జతలూ అదే పులుసులో వేసి కడిగి, కొంగుతో తుడిచి, చేతికొచ్చిన జత నా ముక్కు మీద పెట్టింది. "ఈ ఒక్కపూటా పెట్టుకోమ్మే. రేపట్నుంచి ఎట్లా లేవు."

కళ్లు తెరిచాను. మొదట భయం వేసింది. లోకానికి ఇన్ని అంచులుంటాయని నాకు తెలియదు. ఇంటి కప్పు మీద ఒక్కో పెంకూ విడివిడిగా ఉంది. గోడమీద కాకికి కన్నుంది. పక్కింటి పెరట్లో, మా మునగచెట్టు కొమ్మ కిందికి వంచి, ఒక్కో కాయే కోసి ఒళ్లో వేసుకుంటున్న సుబ్బత్త ఉంది.

"సుబ్బత్తా, మా మునక్కాయలు కోస్తాండావా?" అన్నాను కూర్చున్నచోటి నుంచే.

ఆమె కొమ్మ వదిలేసింది. కాయలు వదిలేసింది. దొంగతనం సంగతి మరుగున పడేలా కేకపెట్టింది. "అన్నా! ఓ అన్నా! బిడ్డకు కండ్లొచ్చినాయి!"

అవ్వకు అప్పుడే వెలిగింది. రెండో జత తన ముక్కు మీద పెట్టుకుని నా అరచెయ్యి దగ్గరికి లాక్కుని చూసింది. గీతలన్నీ కనపడ్డాయి. అంతలో నాయన పరుగెత్తుకొచ్చాడు. అవ్వ లేచి ఆయన ముఖంలో ముఖం పెట్టి పరీక్షగా చూసింది.

"ఏమిరా, నీకు మీసం నెరిసింది! నాకెవురూ చెప్పలేదే?"

"అమ్మా, ముందు సంగతేందో చెప్పు."

"నా కండ్లు బిడ్డకు పెట్టి, బిడ్డ కండ్లు నాకు పెట్టినావు. అదీ సంగతి."

నాయన మీసం తడుముకుని, "షాపాయప్ప పెట్టెలు మార్చినట్టుండాడు" అన్నాడు. అవునవును, షాపాయనే మార్చాడని అందరం ఒప్పుకున్నాం. కాపురం చేసుకోవాలి కదా. తర్వాత నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయి, అద్దాలు తీయించి, కొన్ని పోగులు అతికించి చూశాడు. ఎప్పటిలాగే చకచకా అతికాను. పోగు కళ్లు ఎక్కడికీ పోలేదని నమ్మకం కుదిరాక, "రేపు నేనే బడికి వస్తా. బోర్డు చదివితే బడి, లేకుంటే మగ్గం. మళ్ల నన్నడగొద్దు" అన్నాడు.

ఇప్పుడు మీకు ఇదంతా కథలా ఉంటుంది. నాకు మొన్న గడ్డం ఒక మిషన్ మీద ఆనించమన్నారు, దూరంగా ఒక రంగుల బుడగ కనపడింది, కాగితం బయటికొచ్చింది, అంతే. కంట్లో పెట్టిన అద్దం ఎవరూ మార్చుకోలేరు, దిండు కింద దాచనూ లేరు. సుఖమే, కాదనను. కానీ ఒక జత అద్దాలకు ఇల్లంతా కలిసి పోట్లాడింది, ఇల్లంతా కలిసి తప్పు చేసింది, ఇల్లంతా కలిసి చూసింది. మేఘనా, నీ అద్దాలు ఆన్‌లైన్లో వచ్చాయి, విప్పి చూడటానికి కూడా ఎవరూ గుమిగూడలేదు. నీకు అవి బరువనిపించడంలో నీ తప్పేమీ లేదేమో.

సోమవారం నాయన ఉతికిన పంచె కట్టుకుని నాతో బడికి వచ్చాడు. ఆయనకు చదువు రాదు, అందుకని నేను చదివేది సరో కాదో సారు మొహంలో చూసుకుంటూ నిలబడ్డాడు. సారు బోర్డు మీద ఒక లెక్క రాసి పక్కకు తప్పుకున్నాడు. బోర్డు మీద ఏముందంటారా? ఒక రైతు, కొన్ని మామిడిపండ్లు, కుళ్లినవి పోగా మిగిలినవెన్ని? ఇన్నాళ్లూ నేను అన్నం మానుకున్నది ఈ కుళ్లిన మామిడిపండ్ల కోసమా అనిపించింది. అయినా గొంతెత్తి చదివాను. కింద అంతకుముందు చెరిపేసిన లెక్కలో మిగిలిపోయిన గీతలు కూడా చదివాను. సారు "చాలమ్మా, చాలు" అన్నాడు. "పొడుగు బిడ్డవు, ముందు కూచుంటే ఎనకోళ్లకు అడ్డం. ఇంక చిట్టచివర బెంచీకి పో."

నాయన ముఖంలో ఏ మార్పూ లేదు. "సరే. సాయంత్రం బిన్నా రా, పడుగు అతకాల" అని, తుండు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

చివరి బెంచీ పక్కన కిటికీ ఉంది. బడి గేటు అక్కడినుంచి చాలా దూరం. నాయన గేటు దాటి అవతల ఆగాడు. మా కిటికీ వైపు తిరిగాడు. అంత దూరంనుంచి నాకేం కనపడుతుందిలే అని పాత అలవాటు కొద్దీ అనుకున్నాడేమో. నవ్వుతున్నాడు. అట్లా ఇట్లా కాదు, నోరంతా తెరిచి, పళ్లన్నీ పెట్టి, ఒక్కడే నిలబడి నవ్వుతున్నాడు. ఆయనకు పక్కపన్ను ఒకటి లేదని నాకు అప్పుడే తెలిసింది. దారిన పోతున్న ఐస్‌బండాయన్ను నాయన ఆపి, మా కిటికీ వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పాడు. బండాయన కూడా తల పైకెత్తి చూశాడు.

నేను చెయ్యి ఊపలేదు. ఊపితే ఆ నోరు మూసుకుపోతుంది. బెంచీ మీద ఒదిగి కూర్చుని, ఆయన తనివితీరా నవ్వుకుని వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మగ్గంలో ఎప్పటి ముఖంతోనే ఉన్నాడు. పడుగు మీదికి వంగాను.

"ఏందమ్మే, పోగు చూసి నగతాండావు?" అన్నాడు.

"ఏం లే నాయనా" అన్నాను.